నోటి లెక్క

ఇప్పటికీ బొటనవేలు తడి వెతుక్కుంటుంది.
పసుపు చీటీలు పంచబోతే
చెయ్యి బల్ల మీద స్పాంజి గిన్నె కోసం తడుముతుంది.
అది తంబుచెట్టి వీధిలో ఉండిపోయింది,
మూడో కౌంటరులో, ఇనప జాలీ వెనక.
పందొమ్మిదేళ్లు దాని పక్కన కూర్చున్నాను.

రాజీనామా ఇచ్చిన రోజు
మేనేజరు అడిగిన ప్రశ్న ఒక్కటే:
"ఎక్కువ ఎక్కడ ఇస్తున్నారు?"
తక్కువే, అన్నాను.
ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని
దొంగనోటును నీలం దీపం కింద పెట్టి చూసినట్టు
చూశాడు.

ఇప్పుడు బీచ్ స్టేషన్లో ఏడూ పదికి అరక్కోణం బండి.
చంకలో చుట్టిన చార్టులు,
సంచిలో పదహారు మార్కర్లు,
అందులో నాలుగు ఎండిపోయాయి, ఏవో గుర్తుండదు.
పక్కింటి పట్టమ్మాళ్ అడుగుతుంది:
బ్యాంకు వదిలేసి ఏం చేస్తున్నావు?
ఫ్యాక్టరీల్లో మనుషుల చేత మాట్లాడిస్తానండీ.
"మాట్లాడ్డానికి కూడా డబ్బులిస్తారా!"
దానికి కాదు. నేను ఊరుకున్నందుకు.

మొదట్లో ఊరుకోవడం రాలేదు.
కౌంటరు దగ్గర నిశ్శబ్దమంటే
ఎక్కడో వంద తేడా వచ్చిందని,
నాలుగు దాటాక ఫ్యాను కింద
ఊపిరి బిగబట్టి కట్టలు మళ్లీ విప్పుతున్నారని.
అందుకని పెరంబూరులో నా మొదటి తరగతిలో
ప్రశ్న వేసి, జవాబూ నేనే చెప్పి,
దానికి చప్పట్లు కూడా కొట్టించాను.
చివర్లో వచ్చిన కాగితాల్లో ఒకటి:
"మేడం బాగా మాట్లాడారు. మేమెందుకు వచ్చామో తెలియలేదు."
అది ఇంకా నా పర్సులోనే ఉంది,
చిరిగిన నోటులా, మార్చుకోకుండా.

అంబత్తూరు. వాల్వులు చేసే కంపెనీ.
క్యాంటీను పక్కన రేకుల గది,
సాంబారు వాసనా మిషను నూనె వాసనా కలిసిన గాలి.
ఇరవై రెండు మంది.
నాకు తెలియకుండానే లెక్కపెట్టేశాను, రెండుసార్లు,
రెండోసారి వెనకనుంచి.

అడిగాను:
పనిలో మీరు చూసి కూడా చెప్పకుండా ఊరుకున్నదేమిటి?

ఇక నోటి లెక్క. పెదవి కదలకూడదు.
ఒకటి.
రెండు.
గోడ మీద బల్లి.
మూడు, నాలుగు. ఎవరో కుర్చీ సర్దుకున్నారు.
ఏడు దగ్గర నా నాలుక మీదికి జవాబొచ్చింది,
మింగాను.
పది.
పదకొండు.

స్టోర్సు ఎతిరాజులు, తిరుత్తణి వైపు మనిషి,
మూడు రోజులుగా కిటికీని తప్ప దేన్నీ చూడనివాడు,
లేచాడు. కూర్చుని చెప్పండంటే వినలేదు.
సగం తమిళం, సగం వాళ్లింటి తెలుగు:
"రెండో ప్రెస్సుకి గార్డు విప్పేసినారు మేడం.
ఆర్నెల్లాయె. బోల్టులు నా దగ్గరే డబ్బాలో ఉండాయి.
దినమూ ఆ డబ్బా తుడిచి పెడతా ఉండాను."

ముందు వరసలో షిఫ్టు ఇంజనీరు
పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టాడు.
ఈ మాట ఏ పద్దులో రాయాలి?
జమా, ఖర్చా?
మార్కరు తీశాను. ఎండిన నాలుగింటిలో ఒకటి.
బోర్డు మీద ఏమీ పడలేదు.
అదే మంచిదైంది,
అందరూ బోర్డు వదిలి అతని వైపు తిరిగారు.

మణిమేగలై, ఆ ప్రెస్సు మీద పనిచేసే పిల్ల,
కుడిచేతి వేళ్లు ఒకసారి ముడిచి, విప్పి,
"అన్నా, ఆ డబ్బా ఎక్కడుంది?" అంది.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు పూర్తిగా తెలీదు.
నా ఒప్పందం ఒంటిగంట వరకే.
బిల్లు నలభై అయిదు రోజుల్లో చెల్లిస్తామన్నారు,
అంటే తొంభై అని నా పాత ఉద్యోగం చెబుతోంది.

తిరుగు బండి విల్లివాక్కం దగ్గర సిగ్నలు లేక ఆగింది.
మూడో కౌంటరు ముందు ఎన్ని వేల చేతులు చాచారో.
గాజులున్నవి, సున్నం అంటినవి,
వణికేవి, వేలు లేనిది ఒకటి.
అన్నీ గుర్తే. ముఖం ఒక్కటీ లేదు.
వడ్డీ కట్టడం వచ్చినంతగా
అసలు అడగడం రాలేదు నాకు.

ఎన్ని బోల్టులో కనుక్కోలేదు ఎతిరాజుల్ని.
ఆరుంటాయా? ఎనిమిదా?
బొటనవేలు చూపుడువేలి మీద
ఊరికే కదులుతూ ఉంది,
పొడిగానే.